ఇటుకల రైలుకు కరెంటు పట్టాల నుంచే రావాలి

సంపాదకులకు నమస్కారం.

ఆటవస్తువుల గురించి రాసేటప్పుడు మన పత్రికలు ధర, వయసు చెప్పి ఊరుకుంటాయి; లోపలి యంత్రం జోలికి వెళ్లవు. ప్లాస్టిక్ ఇటుకలతో పేర్చుకునే లెగో బొమ్మ రైలునే తీసుకుంటే, 1966లో 4.5 వోల్టుల బ్యాటరీ మోటారుతో మొదలైన ఈ బొమ్మ, 1991లో వచ్చిన 9 వోల్టుల పద్ధతిలో లోహపు పట్టాల నుంచే విద్యుత్తు అందుకొని, బ్యాటరీల బరువు లేకుండా ఎంతసేపైనా నడిచేది. తర్వాత ఆ పద్ధతిని నిలిపివేశారు. 2018 నుంచి వస్తున్న రైళ్లలో 6 చిన్న బ్యాటరీలు, బ్లూటూత్ రిమోట్ ఉన్నాయి. పట్టాలు ఒట్టి ప్లాస్టిక్. లోహపు పట్టాల దారిని వెనక్కి తిప్పి అదే దారిలో కలిపితే, రెండు పట్టాలూ ఒకదానికొకటి తగిలి షార్ట్ సర్క్యూట్ అయ్యే బెడద దీనితో తప్పిన మాట నిజమే.

అయినా నా ఓటు పాత 9 వోల్టుల పద్ధతికే. 16 వంపు పట్టాలతో వలయం పూర్తవుతుంది. ఆ ఇరుకు వంపులో, ఒకే ఇరుసుకు బిగించిన చక్రాలలో బయటిది ఎక్కువ దూరం పోవాల్సి రావడంతో రాపిడి పెరిగి, పెట్టెలు తగిలించేకొద్దీ బండి నెమ్మదిస్తుంది. కారణం రాపిడా, నీరసించిన బ్యాటరీయా అని పిల్లలు తేల్చుకోవాలంటే విద్యుత్తు నిలకడగా అందాలి. మీ పిల్లల పేజీలో ఇటువంటి విషయాలను బొమ్మలతో సహా వివరించాలని మనవి.

భవదీయుడు,
ఒక పాఠకుడు