పాత పంచెకు బదులు దొరికిన గుడ్డ: మహిళా విభాగం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. ఉగాది, బతుకమ్మ, సంక్రాంతి ఎప్పటిలాగే మీ అందరి చేతుల మీదుగా చక్కగా జరిగాయి. పిల్లల తెలుగు తరగతులు ఆగలేదు. ఈ నివేదికలో ఎక్కువ చోటు మాత్రం ఒక వంటింటి గుడ్డకు ఇస్తున్నాను. ఏడాది పొడవునా మీరు నన్ను ఎక్కువగా అడిగింది దాని గురించే.

ఆవకాయ పెట్టిన రోజున మొదలైంది ఇది. ఇంటి దగ్గరైతే కాయలు తుడవడానికి నాన్నగారి పాత పంచె ఉండేది. అమెరికాలో, ఈ మినియాపొలిస్‌లో దాన్ని ఎక్కడినుంచి తెస్తాం? టర్కీ టవలుతో తుడిస్తే నూగు ముక్కలకు అంటుకుంటుంది. చివరికి ఇక్కడి దుకాణాల్లో ఫ్లవర్ సాక్ టవల్ (పిండిసంచి తువాలు) అని అమ్మే పలుచని నూలు గుడ్డ ఆదుకుంది. నూగు రాలదు, తడి ఇట్టే పీల్చుకుంటుంది, త్వరగా ఆరుతుంది.

ఆ పేరు వెనుక మనం ఉంటున్న ఊరి చరిత్ర కూడా ఉంది. 1880 నుంచి 1930 వరకు పిండి మరలకు ప్రపంచంలోనే పేరుపడ్డ నగరం ఇది. ఆ రోజుల్లో పిండి నూలు సంచుల్లో వచ్చేది. సంచి ఖాళీ కాగానే ఇల్లాళ్లు కుట్లు విప్పి, అచ్చు రంగు పోయేదాకా ఉతికి, తువాళ్లు, దిండు గలీబులు, పిల్లల గౌన్లు కుట్టేవారు. మొదటి ప్రపంచయుద్ధంలో బెల్జియంకు సాయంగా వెళ్లిన పిండి సంచులపై అక్కడి స్త్రీలు పూలు కుట్టి, కృతజ్ఞతగా తిరిగి పంపారు. వాటిలో కొన్ని ఇప్పటికీ అయోవా రాష్ట్రంలో, ఆ సాయాన్ని నడిపించి తర్వాత అమెరికా అధ్యక్షుడైన హెర్బర్ట్ హూవర్ పేరిట ఉన్న మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి.

ఈ గుడ్డ వాడకం నేర్చుకోవడానికి పెట్టుకున్న మన శిక్షణ శిబిరంలో అందరికీ బాగా నచ్చింది ఆవిరి కుడుము. గిన్నె మూతికి తడిగుడ్డ బిగించి కట్టి, దానిమీద మినప్పిండి వేసి ఉడికించాం. పళ్లెం అవసరమే లేకపోయింది. పెరుగు వడకట్టడానికి, పెసలు మొలక కట్టడానికి, కరివేపాకును ఫ్రిజ్‌లో చుట్టిపెట్టడానికి, ఊరగాయ జాడీకి వాసెన కట్టడానికి కూడా ఇదే గుడ్డ. పసుపు మరక పడితే ఉతికి ఎండలో వేయండి, వెలిసిపోతుంది.

ఒక పొరపాటు చెప్పాలి. శిబిరానికి తెచ్చిన గుడ్డలను బట్టలు మెత్తబరిచే ద్రవంతో ఉతికాం. నీరు పీల్చడం మానేశాయి. మీరు ఆ ద్రవాన్ని వాడకండి. కొత్త గుడ్డ కొంచెం కుంచించుకుపోతుంది కాబట్టి, కుట్టుపని పెట్టుకునేముందే వేడినీటిలో ఉతకాలి.

పిల్లలు వాటిమీద చుక్కల ముగ్గులు గీసి కాడకుట్టు, గొలుసుకుట్టు వేశారు. సంక్రాంతి కానుకలను కాగితం లేకుండా ఆ గుడ్డల్లోనే చుట్టి ఇచ్చాం. ఈ ఏడాది నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించింది అదే.

జూలైలో ఎండ నిలకడగా ఉన్న శనివారం చూసి గుడ్డ వడియాలు పెడదాం. గుడ్డలు సంఘం తెస్తుంది. పిండి ఉడికించే పెద్ద గిన్నెలు ఉన్నవారు ముందుగా తెలియజేయండి.