యజమానులు మారువేషంలో చూసింది కాగితం మీదికి రావాలి: కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర కార్మిక శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

గిగ్, ప్లాట్‌ఫామ్ కార్మికుల (యాప్‌ల ద్వారా ఒక్కో పనికి ఇంతని సంపాదించే డెలివరీ రైడర్లు, క్యాబ్ డ్రైవర్లు వంటివారి) నమోదు, సామాజిక భద్రత, సంక్షేమానికి సంబంధించిన బిల్లు ముసాయిదాను మీ శాఖ 2025 ఏప్రిల్‌లో ప్రజల ముందు పెట్టి అభిప్రాయాలు కోరింది. అప్పటి నుంచి సంక్షేమ నిధికి కంపెనీలు ఎంత శాతం కట్టాలి, సంక్షేమ బోర్డులో ఎవరెవరు ఉండాలి అన్న విషయాల మీద చాలా చర్చ జరిగింది. వాటి మీద నాకంటే బాగా తెలిసినవారు, కార్మిక సంఘాలవారు ఇప్పటికే మాట్లాడారు కనుక నేను మళ్లీ ఆ జోలికి పోవడం లేదు. ఆ చర్చలో నాకు ఎక్కడా కనిపించని ఒక్క సంగతిని మీ దృష్టికి తేవడానికే ఈ లేఖ. కంపెనీలను నడిపే పెద్దలు తామెవరో చెప్పకుండా, తమ సంస్థ యూనిఫాం వేసుకుని, తమ దగ్గర అట్టడుగున పనిచేసేవారి పక్కన నిలబడి పనిచేసి వస్తున్నారు. అక్కడ వారి కంటపడిన నిజాల మీద మాత్రం ఆ పనిచేసేవారికి గానీ, ప్రభుత్వానికి గానీ ఏ హక్కూ లేదు.

2024 అక్టోబరులో జొమాటో అధిపతి దీపిందర్ గోయల్ ఎర్ర టీషర్టు వేసుకుని భార్యతో కలిసి గురుగ్రామ్‌లో ఆర్డర్లు అందించడానికి బయలుదేరారు. అక్కడి ఒక పెద్ద మాల్‌లో ఆర్డరు తీసుకోవడానికి వెళ్తే ఆయనను ముఖద్వారం నుంచి కాకుండా వేరే దారిన వెళ్లమన్నారు. డెలివరీ చేసేవారికి లిఫ్ట్ లేకపోవడంతో ఆయన మూడో అంతస్తు దాకా మెట్లెక్కి, మిగతా రైడర్ల పక్కనే మెట్ల మీద కూర్చుని ఆర్డరు కోసం ఎదురుచూశారు. ఆ సంగతిని ఆయనే సామాజిక మాధ్యమంలో రాశారు. ఊబర్ అధిపతి దారా ఖోస్రోషాహీ శాన్ ఫ్రాన్సిస్కోలో డేవ్ అనే పేరుతో కారు నడిపిన సంగతి 2023లో పత్రికల్లో వచ్చింది. డ్రైవరుగా చేరడానికి తన కంపెనీ యాప్‌తో తానే అవస్థ పడ్డానని, ట్రిప్పులు వద్దంటే యాప్ తననూ శిక్షించిందని, ఎక్కువ టిప్పు ఆశచూపి డెలివరీ అయ్యాక తగ్గించేసే కస్టమర్లు తనకూ తగిలారని ఆయన చెప్పుకున్నారు. ఆ తర్వాత డ్రైవర్లు చేరే విధానంలోనూ, యాప్‌లోనూ కొన్ని మార్పులు జరిగాయి. ఈ ఇద్దరినీ నేను తప్పుపట్టడం లేదు. చల్లని గదిలో కూర్చుని పట్టికలు చూసేవారికంటే మెట్లెక్కి చూసినవారు నూరుపాళ్లు మేలు.

మారువేషంలో ఎంత నిజం బయటపడగలదో తెలుసుకోవడానికి ఇంతకంటే పాత ఉదంతం ఒకటి ఉంది. యజమానులు వేషం మార్చుకుని తమ సిబ్బందితో పనిచేయడాన్ని చూపే టెలివిజన్ కార్యక్రమం 2009లో బ్రిటన్‌లోని చానల్ 4లో మొదలైంది. మరుసటి ఏడు ఫిబ్రవరిలో అమెరికాలో సీబీఎస్ దాన్ని తమ దేశానికి తగ్గట్టుగా ప్రసారం చేసింది. అమెరికాలో మొదటి వారం వేషం కట్టినవారు వేస్ట్ మేనేజ్‌మెంట్ అనే భారీ చెత్త సేకరణ సంస్థకు అధ్యక్షుడిగా, నిర్వహణ అధిపతిగా ఉన్న లారీ ఓడొనెల్. ఆయన ఇళ్ల ముందు చెత్త ఎత్తే లారీ మీద ఒక మహిళా డ్రైవరుతో పాటు తిరిగారు. మూత్రానికి ఆగితే ఆ రోజుకు నిర్ణయించిన ఇళ్లన్నీ పూర్తికావు కనుక ఆమె లారీలోనే ఒక డబ్బా పెట్టుకుని దానితో సరిపెట్టుకుంటోందని ఆయనకు అక్కడే తెలిసింది. ఆ లక్ష్యాలను పైనుంచి బిగించినది మరెవరో కాదు, ఆయన కార్యాలయమే. మరో చోట ఒక కార్మికురాలు భోజన విరామం ముగిసే వేళకు గడియారం దగ్గరికి పరుగెత్తడం చూసి ఎందుకని అడిగితే, ఒక నిమిషం ఆలస్యమైతే రెండు నిమిషాల జీతం కోస్తారని ఆమె చెప్పింది. ఇంత పెద్ద సంస్థను నడిపే మనిషికి ఆ కోత సంగతి అప్పటిదాకా తెలియదు.

ఆ డబ్బా గురించి చదివినప్పుడల్లా నాకు మన నగరమే గుర్తుకొస్తుంది. మాదాపూర్, కొండాపూర్, నార్సింగి వైపు పెద్ద పెద్ద గేటెడ్ కమ్యూనిటీలకు సరుకులు మోసే అమ్మాయిలు, ఇంటింటికీ వెళ్లి బ్యూటీ సర్వీసు చేసే మహిళలు పొద్దున్నుంచి రాత్రి దాకా ఎక్కడ ఆగాలి? హోటల్ వాళ్లు ఆర్డరు ఇస్తారు గానీ బాత్రూం తాళం ఇవ్వరు. గేటు దగ్గర సెక్యూరిటీ ఫోన్ నంబరు రాయించుకుని, ఫోటో తీసి, సర్వీస్ లిఫ్ట్ వైపు చెయ్యి చూపిస్తాడు. నీళ్లు తక్కువ తాగితే ఆగే అవసరం రాదని మే నెల ఎండలో కూడా దాహం చంపుకుని తిరిగే అమ్మాయి చేతి నుంచి మనం చల్లటి పెరుగు ప్యాకెట్టు అందుకుంటున్నాం. ఇలాంటి సంగతి ఏ కంపెనీ వార్షిక నివేదికలోనూ ఉండదు. ఆమె పక్కన ఒక పూట బండి నడిపినవారికి మాత్రమే తెలుస్తుంది.

ముందే చెప్పి వచ్చే తనిఖీలతో ఇది ఎందుకు తెలియదో నాకు కొంత తెలుసు. నేను చాలా కాలం ఒక చిల్లర వర్తక సంస్థలో స్టోర్ల పర్యవేక్షణ చేసి పదవీ విరమణ పొందినవాణ్ణి. రేపు పెద్దసారు విజిట్ అని రాత్రి తొమ్మిదికి వాట్సాప్‌లో మెసేజ్ వచ్చేది. ఆ రాత్రి ఇంటికి వెళ్లాల్సిన పిల్లలు వెళ్లేవారు కాదు. పక్క స్టోరు నుంచి నలుగురిని తెచ్చి బిల్లింగ్ కౌంటర్లన్నింటిలో కూర్చోబెట్టేవాళ్లు. గోదాములో చెడిపోయిన ఫ్యాన్ తీసేసి కొత్తది బిగించేవాళ్లు. మాటకారి కాని కుర్రాడికి, ఏదైనా సరే ముఖం మీదే అనేసే అమ్మాయికి వీక్లీ ఆఫ్ ఇచ్చేసేవాళ్లు. సారు వచ్చి, స్టాఫ్ హ్యాపీయేనా అని అడిగి, అందరితో సెల్ఫీ దిగి వెళ్లేవారు. ఆ సాయంత్రమే ఆ ఫ్యాను మరో స్టోరుకు బయలుదేరేది, ఎందుకంటే మర్నాడు విజిట్ అక్కడ. ఇలాంటి చోట వేషం మార్చుకుని వచ్చినవారికి తప్ప నిజం కనిపించదు. అందుకే యజమానుల మారువేషాన్ని నాటకమని కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను.

అయితే ఒక రోజు వేషానికి అందనివి కూడా ఉన్నాయి. వాటిని విస్మరిస్తే ఆ ఒక్క రోజే మొత్తం నిజంగా చలామణి అయిపోతుంది. గోయల్ గారు మెట్లు చూడగలిగారు, అందుకు కారణం మెట్లు కళ్లకు కనిపించేవి కావడమే. రేటింగ్ పడిపోతుందన్న భయం, చెప్పాపెట్టకుండా ఐడీ, అంటే యాప్‌లో పని ఇచ్చే ఖాతా, బ్లాక్ అవుతుందన్న బెంగ కళ్లకు కనిపించవు. ఒక పూట రైడరైన అధిపతి బండికి ఈఎంఐ ఉండదు. వర్షంలో జారిపడితే ఆసుపత్రి ఖర్చు ఎవరు పెట్టుకుంటారన్న ప్రశ్న ఆయనకు రాదు. ఇంకొక్క ఆర్డరు పూర్తయితే ఆ రోజు ఇన్సెంటివ్ చేతికొస్తుందనగా, అర్ధరాత్రి దాకా లాగిన్‌లో ఉన్నా ఆ ఆర్డరు పడకపోతే ఎలా ఉంటుందో ఆయనకు తెలిసే వీలు లేదు. ఆర్డరుకు ఎంత ఇస్తారో చెప్పే రేట్ కార్డు మారినా ఆయన జీతం మారదు. ఆయన ఐడీ ఒకవేళ బ్లాక్ అయినా ఫోన్ చేయడానికి ఆయనకు మనుషులున్నారు. మామూలు రైడరుకు ఉండేది యాప్‌లో చాట్ చేసే యంత్రం మాత్రమే, అది అడిగిన దానికి కాక మరొకదానికి జవాబు చెబుతుంది. ఈ కష్టాలు ఒక రోజువి కావు, నెలలవి. వాటిని చూడాలంటే యాప్ వెనుక ఉన్న లెక్క చూడాలి. ఎవరికి ఎన్ని ఆర్డర్లు, ఏ కారణంతో, ఏ రేటుకు వెళ్లాయో చూడాలి.

మన పిల్లల కథల్లో రాజు మారువేషంలో రాత్రిపూట ఊరంతా తిరుగుతాడు. ఆ కథ అక్కడితో ముగియదు. తెల్లవారి కొలువు తీరాక, రాత్రి చూసిన అన్యాయాన్ని అందరి ముందు బయటపెట్టి తీర్పు చెప్పాల్సిన బాధ్యత రాజు మీద ఉంటుంది. ఇప్పటి కంపెనీ అధిపతికి ఆ రెండో సగం లేదు. చూసినదాంట్లో కొంత చెప్పుకోవచ్చు, కొంత దాచుకోవచ్చు. ఎదుటివారి మాల్‌లో లిఫ్ట్ లేదని రాసి, తన యాప్‌లో పెనాల్టీ ఉందని రాయకపోవచ్చు. రాయాలా వద్దా అన్నది ఆయన ఇష్టానికే వదిలేసిన వ్యవస్థ మనది. నా అభ్యంతరమంతా అక్కడే.

అందువల్ల ఈ చట్టం కింద రూపొందించే నియమాల్లో ఒక చిన్న నిబంధన చేర్చవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాను. ఏ కంపెనీకి చెందిన ఉన్నతాధికారి అయినా తన గుర్తింపు చెప్పకుండా సిబ్బందితో కలిసి పనిచేసినప్పుడు, పనిచేసేవారి ప్రాణానికి, ఆరోగ్యానికి, సంపాదనకు సంబంధించి ఆయన గమనించిన సంగతులను ఒక గడువులోగా రాతపూర్వకంగా సంక్షేమ బోర్డుకు తెలియజేయాలి. వాటిని సరిదిద్దడానికి ఏం చేశారో కూడా అందులోనే రాయాలి. వ్యాపార రహస్యాలు ఎవరూ అడగడం లేదు. మూత్రానికి ఆగే చోటు లేదన్నది వ్యాపార రహస్యం కాదు.

దానితోపాటు కార్మికుడికి రక్షణ కూడా ఉండాలి. ఇది అంతకంటే ముఖ్యమైనది. పక్కన ఉన్నది కొత్తగా చేరిన కుర్రాడే అనుకుని ఒక రైడర్ మనసు విప్పి మాట్లాడతాడు. ఏ హోటల్ దగ్గర ఎంతసేపు ఆపుతారో, టార్గెట్ అందుకోవడానికి ఏ సిగ్నల్ దగ్గర ఆగకుండా వెళ్లాల్సి వస్తుందో చెప్పేస్తాడు. ఆ కుర్రాడు కంపెనీ అధిపతి అని వారం తర్వాత తెలిస్తే, తాను అన్న మాటలు తన మీదికే వస్తాయేమో అన్న భయంతో ఆ రైడర్ బతకాలి. టెలివిజన్ కోసం చేసిన మారువేషాల్లో చివరికి కొద్దిమందిని పిలిచి బహుమతులు ఇచ్చేవారు. ఒక మనిషికి దక్కిన దయతో అదే పని చేస్తున్న మిగతా వేలమంది పరిస్థితి మారదు, ఒక మనిషి మీద పడిన కోపం మాత్రం వేలమంది నోళ్లు మూయిస్తుంది. కనుక అలా మారువేషంలో విన్నదాని ఆధారంగా ఏ కార్మికుడి ఐడీ ఆపడం గానీ, రేటింగ్ తగ్గించడం గానీ, వేరే చోటికి మార్చడం గానీ చేయకూడదని నియమాల్లో స్పష్టంగా ఉండాలి. ఖాతా తొలగించే ముందు రాతపూర్వక కారణంతో పద్నాలుగు రోజుల నోటీసు ఇవ్వాలని కర్ణాటక తన 2025 చట్టంలో పెట్టుకుంది. అలాంటి రక్షణకు ఇది పొడిగింపు మాత్రమే.

మరొక విన్నపం మీ శాఖ చేతుల్లోనే ఉన్నది. 2021 సెప్టెంబరులో ఆర్టీసీ ఎండీగా బాధ్యతలు తీసుకున్న కొత్తలో సజ్జనార్ గారు సామాన్య ప్రయాణికుడిలా లక్డీకాపూల్‌లో సిటీ బస్సెక్కి మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌కు వెళ్లారు. ఆ ప్రయాణం చాలామంది మెప్పు పొందింది. ప్రయాణికుడి సీట్లో కూర్చుంటే బస్సు ఎలా ఉందో తెలుస్తుంది, డబుల్ డ్యూటీ చేసిన కండక్టరు నడుము నొప్పి తెలియడానికి మరోలా చూడాలి. అయినా ప్రభుత్వంలోని పెద్ద అధికారి చెప్పకుండా వెళ్లి చూడటం సాధ్యమేనని అది నిరూపించింది. యజమానులు తమంతట తాము వేషం వేసుకునే దాకా ఎదురుచూడటం కంటే, మీ శాఖలోని యువ అధికారులు కొందరు మామూలు దరఖాస్తుదారుల్లా ఈ యాప్‌లలో చేరి, మామూలు రేట్ కార్డు మీద, ఒక పూట కాకుండా వారాల తరబడి పనిచేసే ఏర్పాటు మీరు చేయవచ్చు. వారు ఎవరో కంపెనీకి తెలియకూడదు. వారి ఖాతాలో పడిన ప్రతి ఆర్డరు, కోసిన ప్రతి రూపాయి, ఆగిన ప్రతి నిమిషం నమోదై బోర్డు ముందుకు రావాలి. ఎండాకాలంలో ఒక బృందం, వానాకాలంలో ఒక బృందం వెళ్లాలి. వారిలో మహిళా అధికారులు తప్పక ఉండాలి, లేకపోతే పైన చెప్పిన సమస్య మళ్లీ ఎవరి కంటా పడదు.

దేశంలో గిగ్ పనివారు 2020-21 నాటికే 77 లక్షల మంది ఉన్నారని, 2029-30 నాటికి 2.35 కోట్లకు చేరతారని నీతి ఆయోగ్ 2022లో అంచనా వేసింది. 2023 డిసెంబరులో మన రాష్ట్ర ప్రభుత్వం వీరికి 5 లక్షల రూపాయల ప్రమాద బీమా ప్రకటించినప్పుడు ఎన్నో కుటుంబాలు ఊరట పొందాయి. బీమా ప్రమాదం జరిగాక అందేది. ప్రమాదం దాకా తీసుకువెళ్లే తొందర, దాహం, నిద్రలేమి ఎక్కడ పుడుతున్నాయో ముందుగా తెలుసుకునే మార్గం గురించే నేను ఇంతసేపు రాశాను.

నియమాలు ఖరారు చేసే ముందు ఈ అంశాల మీద రైడర్ల సంఘాలను, క్యాబ్ డ్రైవర్ల సంఘాలను, ముఖ్యంగా ఈ పనిలో ఉన్న మహిళలను పిలిచి, కంపెనీ ప్రతినిధులు లేని గదిలో వారి మాట వినవలసిందిగా ప్రార్థిస్తున్నాను. ఆ సమావేశం పగటి పూట పెడితే వారు ఆ రోజు సంపాదన వదులుకుని రావాలి కనుక, ఆ మేరకు భత్యం ఇచ్చే ఏర్పాటు కూడా చేయగలరు.

ఇట్లు,
విశ్రాంత స్టోర్ల పర్యవేక్షకుడు,
హైదరాబాద్