జూన్ నుంచి మన సెంటర్‌లో మారేవి

హనుమకొండలో మా దగ్గరికి పిల్లల్ని ఆక్యుపేషనల్ థెరపీకి (ఓటీ, అంటే రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా నేర్పే చికిత్సకు) తీసుకొస్తున్న అమ్మానాన్నలందరికీ నమస్కారం.

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను. జూన్ 1 నుంచి 45 నిమిషాల సెషన్ ఫీజు 600 రూపాయల నుంచి 700కు పెరుగుతోంది. అద్దె పెరిగింది, థెరపిస్టుల జీతాలు కూడా పెంచాలి. ఓటీ చదివినవాళ్లు మన దగ్గర దొరకడమే తక్కువ. జీతం చాలక వాళ్లు హైదరాబాద్ వెళ్లిపోతే, కొత్త మనిషికి అలవాటు పడటానికే ఆటిజం ఉన్న పిల్లలకు వారాలు పడుతుంది.

నెల డబ్బు ముందే కట్టించుకునే ప్యాకేజీ తీసేస్తున్నాం. ఇక ఏ రోజు వస్తే ఆ రోజుకే కట్టండి. ఇంట్లో చేయించేవాళ్లుంటే చాలామంది పిల్లలకు వారానికి రెండు సెషన్లు సరిపోతాయి. ఎవరికి అంతకంటే ఎక్కువ కావాలో విడిగా కూర్చుని మాట్లాడుకుందాం.

అసలు మార్పు ఇది. ప్రతి సెషన్‌లో చివరి పదిహేను నిమిషాలు ఇంట్లోవాళ్లు ఒకరు గదిలో ఉండాలి. అమ్మే రావాలని లేదు. అన్నం పెట్టేది నాయనమ్మ అయితే నాయనమ్మే రావాలి. మా గదిలో గుండీలు పెట్టుకున్న బాబు, పొద్దున బడి ఆటో హారన్ కొట్టేసరికి మీ ముందుకొచ్చి నిలబడతాడు. టైము లేక మీరే పెట్టేస్తారు. అప్పుడు అన్నీ మీరు పెట్టి, ఆఖరి గుండీ ఒక్కటి వాడికి వదలండి. అది వచ్చాక ఆఖరి రెండు. పని పూర్తిచేసింది తనే అన్న సంతోషం రోజూ వాడికి దక్కుతుంది.

పప్పన్నం చేతికి అంటితే ఏడ్చే పాపకు బలవంతంగా కలిపించొద్దు. పొడి బియ్యంలో చిన్న బొమ్మలు దాచి వెతికించండి. తర్వాత చపాతీ పిండి, ఆ తర్వాతే పెరుగన్నం. పెన్సిల్ గుప్పిట్లో పట్టుకునే పిల్లలకు చిన్న బలపం ముక్క ఇవ్వండి, వేళ్ల కొసలతో పట్టుకోక తప్పదు. పలకను గోడకు ఆనించి రాయిస్తే మణికట్టుకు, భుజానికి కూడా పని దొరుకుతుంది. ఇలాంటివి కాగితం మీద రాసిస్తే కుదరవు. మీ చేతులతో మా ముందు ఒకసారి చేసి చూడాలి.

శనివారం మధ్యాహ్నాలు పద్నాలుగేళ్లు దాటినవాళ్లకే ఉంచుతున్నాం. మీసాలొచ్చిన అబ్బాయిని బొమ్మల మధ్య కూర్చోబెట్టడం మర్యాద కాదు. వాళ్లకు కావలసినవి వేరు: గడ్డం గీసుకోవడం, కిరాణా షాపులో చిల్లర సరిచూసుకోవడం, కాజీపేట బస్సు గుర్తుపట్టి ఎక్కి సరైన చోట దిగడం. నెలసరి శుభ్రత గురించి ఆడపిల్లలకు మా మేడమ్ విడిగా నేర్పిస్తారు. ఈ బ్యాచ్‌లో ఐదుగురికి మించి తీసుకోం.

ఎన్ని నెలల్లో నార్మల్ అవుతాడని అడిగే మీ బాధ నాకు తెలుసు. ఆటిజం పోతుందని మాత్రం నేను మాటివ్వను. ఇంకెవరైనా అలా మాటిస్తే డబ్బు కట్టకండి. మూడు నెలలకోసారి మీతో కూర్చుని, చెంచాతో తానే తినడం లాంటి రెండు మూడు లక్ష్యాలు రాసుకుంటాం. గడువయ్యాక అవి ఎంతవరకు వచ్చాయో మీకు చూపిస్తాం. రాకపోతే పద్ధతి మారుస్తాం.

ఫీజు భారమైతే థెరపీ ఆపొద్దు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో ప్రభుత్వ సత్వర చికిత్సా కేంద్రాలున్నాయి (వీటినే డీఈఐసీ అంటారు), 18 ఏళ్ల వరకు ఉచితం. డీఈఐసీ ఎక్కడని ప్రభుత్వాసుపత్రిలో అడగండి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకు కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఉంది. ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, థెరపీ ఖర్చులు కూడా అందులోకి వస్తాయి. దానికి వైకల్య ధ్రువపత్రం కావాలి. ఒక్క ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, అతి చురుకుదనం) మాత్రమే ఉంటే ఆ బీమా వర్తించదు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్ఐఈపీఐడీకి (మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థకు) వెళ్లి ఒకసారి పూర్తి పరీక్ష చేయించుకోవడం కూడా మంచిదే. ఎక్కడికెళ్లినా మా రిపోర్టు రాసిస్తాం, దానికి డబ్బు తీసుకోం.

ప్యాకేజీలో సెషన్లు మిగిలినవాళ్లు పాత రేటుకే వాడుకోవచ్చు, లేదా డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. మే నెలాఖరులోపు రిసెప్షన్‌లో చెప్పండి. బళ్లు తెరిచాక సాయంత్రం టైములు త్వరగా నిండిపోతాయి కాబట్టి, మీకు కుదిరే రోజులు కూడా అప్పుడే రాయించండి.