యాప్ బాగానే నడుస్తోంది, మార్కులెందుకు తగ్గాయి?

తల్లిదండ్రులకు నమస్కారం.

తొమ్మిదో తరగతి కంప్యూటర్ ప్రాజెక్టుల మార్కులు ఇచ్చినప్పటి నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. "ఫోన్‌లో చక్కగా నడుస్తోంది కదండీ, 20కి 12 ఏంటి?" అని. బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు నుంచి వచ్చే మన తెలుగువాళ్లలో చాలామంది సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నారు, కాబట్టి సంగతి సూటిగానే చెబుతాను: మార్కులు తగ్గింది పైకి నడిచే తీరుకి కాదు, లోపల అమర్చిన తీరుకి.

పిల్లలు వాడేది యాప్ ఇన్వెంటర్, కోడ్ టైప్ చేయకుండా ముక్కలు జోడించి ఫోన్ యాప్ చేసే టూల్. 2010లో గూగుల్ బయటపెట్టింది, తర్వాత అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ చేతికి వెళ్లింది. బటన్‌ని లాగి స్క్రీన్ మీద వదిలితే చాలు, దానికి బటన్1 అని పేరు పడిపోతుంది, తర్వాతదానికి బటన్2. ఒక పాప క్యాంటీన్ బిల్లు యాప్ చేసింది. స్క్రీన్ ఎంత ముచ్చటగా ఉందో! ఏ బటన్ నొక్కితే ఏం జరగాలో చెప్పే బ్లాకులు తెరిస్తే బటన్11 దాకా ఉన్నాయి, ఏది ఇడ్లీదో ఏది కాఫీదో తనకే తెలియడం లేదు. వడ ధర 15 అని వడ బటన్‌లో, ఇడ్లీ-వడ బటన్‌లో, పార్సిల్‌లో, చివరి బిల్లులో విడివిడిగా పెట్టింది. "వడ 18 అయింది, మార్చమ్మా" అని టీచర్ అంటే మూడుచోట్ల మార్చి పార్సిల్ మర్చిపోయింది. బిల్లు తప్పొచ్చింది, పాప కళ్లలో నీళ్లు తిరిగాయి. ముందే నేర్పకపోవడం మా పొరపాటు.

ఈ చిక్కు 1991లో విజువల్ బేసిక్ (ఇలాగే బటన్లు పెట్టి కంప్యూటర్ ప్రోగ్రాములు చేసే టూల్) వచ్చినప్పటి నుంచీ ఉన్నదే. నేను దాని ఆరో వెర్షన్, వీబీ 6 పాఠం చెప్పిన రోజుల్లో కమాండ్1 అనే బటన్ మీద డబుల్ క్లిక్ చేస్తే కోడ్ రాసే చోటు తెరుచుకునేది, పిల్లలు లెక్కంతా అక్కడే కుక్కేసేవారు, మూడు నెలలు పోయాక రాసినవాళ్లకే అంతుపట్టేది కాదు.

అలాగని టూల్ మానిపించమంటే ఒప్పుకోను. గంటలో తన యాప్‌ని తన చేత్తో నడిపి చూసుకున్న పిల్లాడి హుషారు కోడ్ టైప్ చేయమని ఖాళీ స్క్రీన్ ముందు కూర్చోబెడితే రాదు.

ఇకనుంచి బటన్ పెట్టగానే పేరు మార్చాలి, వడ_బటన్ అన్నా సరే. ధర ఒక్కచోటే ఉండాలి, లెక్క వేసే పని ప్రొసీజర్‌లోకి (పేరు పెట్టి విడిగా ఉంచే బ్లాకుల కట్టలోకి) వెళ్లాలి, బటన్ దాన్ని పిలిస్తే చాలు. ఇలా సరిచేసి మళ్లీ ఇస్తే మార్కులు మళ్లీ వేస్తాం.

ఈ శనివారం పొద్దున 10 నుంచి 12 దాకా ల్యాబ్ తెరిచే ఉంటుంది, వీలైతే రండి. మౌస్ మాత్రం మీరు పట్టుకోకండి. పక్కన కూర్చుని "ఈ బ్లాక్ ఏం చేస్తుంది?" అని అడగండి, వాళ్లు చెప్పేదాకా ఆగండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు