పిల్లుల్ని సంచిలో కట్టి పారేయమని ఎవరు చెప్పారు?

సంపాదకులకు నమస్కారం.

జబ్బు చేసిన పిల్లుల్లోనే కాదు, ఆరోగ్యంగా ఉన్నవాటి పేగుల్లోనూ వైరస్‌లు ఉంటాయని పోయిన వారం మీ జిల్లా పేజీలో వేశారు. వార్తలో తప్పేమీ లేదు. తప్పంతా జనాన్ని హడలగొట్టే ఆ హెడ్డింగుది. అది చూసి మా వీధిలో ఒకాయన ఇంట్లో ఈనిన పిల్లిని, కళ్లు తెరవని కూనల్ని వడ్ల సంచిలో వేసి మూతి కట్టి, సాగర్ కాలువ గట్టున పడేసి వచ్చాడు. మేము వెళ్లి విప్పేసరికి ఒక కూన బిగుసుకుపోయి ఉంది. మిర్యాలగూడలో ఇన్ని రైస్ మిల్లులున్నాయి, పిల్లులు లేకపోతే ఎలుకల్ని ఎవరు పట్టాలి?

ఆస్ట్రో వైరస్, కోబు వైరస్ లాంటివి విరేచనాలవుతున్న పిల్లిలోనూ ఉంటాయి, హాయిగా తిరిగే పిల్లిలోనూ ఉంటాయి. కనబడినంత మాత్రాన జబ్బుకు అదే కారణమనలేం. పిల్లుల కరోనా వైరస్ వేరు, 2020లో మనల్ని ఇళ్లలో కూర్చోబెట్టింది వేరు. ఈ రెండు ముక్కలు పైన వేస్తే ఇంత టెన్షన్ ఉండేదా?

అసలు భయపడాల్సింది పాన్‌ల్యూకోపీనియా అనే పిల్లుల వైరస్ జబ్బుకు. అది మనుషులకు రాదు కానీ కూనల్ని ఊడ్చిపెట్టేస్తుంది. వాంతులు, నీళ్ల విరేచనాలు, తెల్ల రక్తకణాలు పడిపోవడం, రెండు మూడు రోజుల్లో ప్రాణం పోవడం. ఆ వైరస్ నేల మీద ఏడాది దాకా బతకగలదు. స్పిరిట్‌తో తుడిస్తే చావదు, బ్లీచింగ్ నీళ్లు కావాలి. ఫినాయిల్ వాడితే పిల్లికే విషం. దీనికి టీకా ఉంది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, పదహారు వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేయించాలి.

వేయించాలంటే ఎక్కడ? దగ్గరలోని పశువుల దవాఖానలో అడిగితే "బర్రెలకైతే ఉంది, పిల్లికెక్కడిదమ్మా" అన్నారు. ప్రైవేటుగా వేయించే స్తోమత ఎందరికుంది? ఏటా జూలై 6న కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తారు, ఫొటోలు దిగుతారు, మళ్లీ ఏడాది దాకా ఎవరూ కనబడరు. పెంచుకున్న జంతువును ఇలా వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం. ఆ మాట చెబితే "ఇదీ ఒక కేసేనా" అని నవ్వినవాళ్లు యూనిఫాం వేసుకున్నవాళ్లే. ఎవరికి చెప్పుకోవాలి?

పశుసంవర్ధక శాఖ మండలానికి ఒక్క దవాఖానలోనైనా పిల్లుల టీకా పెట్టాలి. మీరు ఆ టీకా వయసులు, బ్లీచింగ్ సంగతి అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో వేయండి.

– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా