దోపిన చొక్కా కింద తుపాకీ

సంపాదకులకు నమస్కారం.

గత నెల కావలిలో మా బంధువులింట్లో పెళ్లికి వెళ్లాను. తలంబ్రాలు అయిపోయాయి, అక్షింతలు వేసేవాళ్లు వరసలో నిలబడి ఉన్నారు. నా ముందు ముప్పై ఏళ్ల కుర్రాడు తెల్లచొక్కా నీటుగా ఇన్‌షర్టు చేసుకుని నిలబడ్డాడు. కుడివైపు బెల్టు పైన చొక్కా ఉబ్బెత్తుగా ఉంది. ముప్పై ఆరేళ్లు ఆర్మ్‌డ్ రిజర్వు (ఏఆర్) పోలీసులో చేసినవాణ్ణి, అది సెల్‌ఫోనో పర్సో కాదని చూడగానే తెలిసింది. ఆ అబ్బాయి అక్షింతలు వేసి, పెళ్లికూతురి తాతగారి కాళ్లకు దండం పెట్టుకుందామని వంగాడు. నడుం దగ్గర చొక్కా పైకి లేచింది. రివాల్వర్ జారి స్టేజీ చెక్కల మీద పడింది. మేళం మోగుతుంటే ఆ చప్పుడు ఎవరూ వినలేదు. పక్కనే అక్షింతల పళ్లెం పట్టుకున్న ఎనిమిదేళ్ల పాప మాత్రం చూసింది. చూసి, తీసిద్దామని పాపం తనూ వంగింది. పాప చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను.

"ఏం కాదులే పెద్దాయనా, లైసెన్సు ఉంది" అన్నాడా అబ్బాయి. లైసెన్సు సంగతి నేను అడగలేదు. హోల్‌స్టర్, అంటే తుపాకీ పెట్టుకునే ఒర, ఏదని అడిగాను. లేదు. బనియన్‌కీ ప్యాంటుకీ మధ్య ఊరికే దోపుకొని వచ్చాడు. ఆరు రౌండ్లూ (తూటాలు) లోడై ఉన్నాయి. పాతకాలపు రివాల్వర్లలో కొన్ని, తూటాను పేల్చే హ్యామర్ మీద దెబ్బ తగిలితే చాలు, పేలిపోతాయి. ఆ స్టేజీ కింద, మొదటి వరసలో, మా ఆవిడ కూర్చుని ఉంది.

వాళ్ల నాన్నను పక్కకు పిలిచి చెప్పాను. ఆయన సిగ్గుపడి కొడుకును అప్పటికప్పుడే ఇంటికి పంపేశాడు. ఆ ఇంటి సంగతి అక్కడితో అయిపోయింది. కానీ అట్టా దోపుకొని తిరిగేవాళ్లు మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇంకా ఉన్నారు. వాళ్ల కోసమే ఈ ఉత్తరం.

తుపాకీ ఒంటి మీద ఎట్టా పెట్టుకోవాలో కూడా చట్టం చెప్పిందని లైసెన్సుదారుల్లో చాలామందికి తెలియదు. 2016 ఆయుధ నిబంధనల్లో 32వది చదవండి. రివాల్వరైనా పిస్టలైనా హోల్‌స్టర్‌లోనో, అందుకోసమే చేసిన సంచిలోనో పెట్టి ఒంటికి తగిలించుకోవాలి. అది పూర్తిగా కప్పి ఉండాలి. మోసేవాడి అదుపులో ఉండాలి. జనంలో తీసి ఊపడం, గుండు లేని ఉత్త రౌండ్లు పేల్చడం నిషేధం. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో సంబరానికి కాల్పులు జరిపి ఎదుటివాళ్ల ప్రాణం మీదికి తెస్తే రెండేళ్ల దాకా జైలు గానీ, లక్ష రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ అని ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణలో రాశారు. ఇంత స్పష్టంగా ఉన్నా, కొందరు కావాలనే చొక్కాను హోల్‌స్టర్ వెనక్కి దోపి, పిడి నలుగురికీ కనపడేట్టు తిరుగుతారు. పక్కవాళ్లు కూడా "అన్న దగ్గర గన్ ఉంది" అని గొప్పగా చెప్పుకుంటారు. అది నిబంధన మీరడం. ఆ మాట ఎదురుగా నిలబడి చెప్పే పెద్దమనిషి మన ఫంక్షన్లలో ఒక్కడూ కనపడడు.

నా అనుభవం కొంచెం చెప్పనివ్వండి. 1995 డిసెంబర్ 1న ఒంగోలులో అప్పటి ఎంపీ మాగుంట సుబ్బరామిరెడ్డి గారిని నక్సలైట్లు కాల్చి చంపినప్పుడు నేను ప్రకాశం ఏఆర్‌లో కానిస్టేబుల్‌ని. కొద్ది నెలలకే నన్ను గన్‌మన్ డ్యూటీకి వేశారు. నేను కాపలా ఉన్న పెద్దాయన పేరు చెప్పను, ఆయన పోయి చాన్నాళ్లయింది. మిగతా గన్‌మన్లందరూ సఫారీలు వేసేవాళ్లు. సఫారీ చొక్కా ప్యాంటు మీదికి వదులుగా దిగుతుంది కాబట్టి పిస్టల్ దాని కింద ఇమిడిపోతుంది. మా పెద్దాయనకు సఫారీ గిట్టదు. "నువ్వు అట్టా వచ్చి వెనకాల నిలబడితే జనం నా దగ్గరికి రారబ్బయ్యా, మా గుమాస్తా మాదిరిగా రా" అన్నాడు. గుమాస్తా అంటే చొక్కా దోపుకోవాల్సిందే. దోపిన చొక్కా కింద 9 ఎంఎం పిస్టల్, పదమూడు రౌండ్ల మేగజీన్‌తో, కిలోకు కొంచెం అటూ ఇటూ.

మొదటి వారం నరకం చూశాను. కూర్చుంటే పిడి పక్కటెముకల్లో గుచ్చుకునేది, లేస్తే చొక్కా బయటికి వచ్చేది. చివరికి ఒంగోలు ట్రంకురోడ్డులో ఒక ముసలి టైలరు దారి చూపించాడు. పిస్టల్ నడుముకు పెట్టుకుని, దాని మీదుగా టేపు తిప్పి కొలత తీసుకున్నాడు. ప్యాంటు నడుం రెండంగుళాలు ఎక్కువ పెట్టాడు. బెల్టు లూపులు మామూలుగా కుట్టేవాటికి రెట్టింపు కుట్టి, దారం రెండు పేటలు వేశాడు. చొక్కా మూడంగుళాలు పొడవు పెంచాడు, కూర్చుని లేచినా లోపలే ఉండేట్టు. బట్ట పలచనిది వద్దు, సన్న గళ్లది తెచ్చుకో, గళ్లలో ఉబ్బు తెలీదు అన్నాడు. మెత్తటి బెల్టు తీసి అవతల పారేసి, రెండు పొరల తోలుబెల్టు కొనుక్కోమన్నాడు. ఆయన జీవితంలో తుపాకీ పట్టుకున్న మనిషి కాదు. బరువు బట్ట మీద ఎట్టా కూర్చుంటుందో తెలిసిన మనిషి.

అంతా కుదిరాక కూడా చెమట ఒకటి ఉంది. రోహిణి కార్తెలో, సముద్రపు గాలి తగిలే మన ఊళ్లలో, ఒంటికి ఆనించిన ఇనుము రెండు రోజులకే తుప్పు పట్టబోతుంది. హ్యామర్ పక్కన, గురి చూసే వెనక సైటు కింద ఎర్రటి పొడి కనపడేది. రోజూ రాత్రి రౌండ్లు దించి, లెక్కపెట్టి, గొట్టం తుడిచే తాడు (పుల్‌త్రూ) లాగి, ఫలాలిన్ గుడ్డతో నూనె రాసి పెట్టేవాణ్ణి. ఒక్క రాత్రి కూడా మానలేదు, జ్వరం వచ్చినప్పుడు కూడా.

దోపిన చొక్కా కింద నుంచి ఆయుధం తీయాలంటే ఎడమచేత్తో చొక్కా గుప్పెట పట్టి పైకి గుంజాలి, అప్పుడు కుడిచెయ్యి పిడి మీద పడాలి. సఫారీ కింద నుంచి తీసినంత సులువు కాదు. ఖాళీ పిస్టల్‌తో గోడకు ఎదురుగా నిలబడి రోజుకు ఇరవైసార్లు సాధన చేస్తే గానీ చేతికి రాలేదు. తీయడం కంటే ప్రమాదం తిరిగి పెట్టడంలో ఉంది. చొక్కా అంచు హోల్‌స్టర్‌లోకి మడతపడి, ట్రిగ్గర్ చుట్టూ ఉండే గార్డులో ఇరుక్కుంటుంది. కంగారులో పిస్టల్‌ను లోపలికి నెడితే ఆ గుడ్డే ట్రిగ్గర్ లాగుతుంది. తొడలోకో పాదంలోకో దిగుతుంది గుండు. అందుకే చూపుడువేలు చాచిపెట్టి, చొక్కా మొత్తం పైకి పట్టుకుని, కళ్లతో చూస్తూ నిదానంగా దించాలి. ఇది పెళ్లికొచ్చిన ఆ కుర్రాడికి ఎవరు నేర్పారు?

పెద్దాయన ఇంట్లో పిల్లలకు నా దగ్గర పిస్టల్ ఉందని మూడేళ్ల దాకా తెలియదు. "గుమాస్తా మామా" అని పిలిచేవాళ్లు. నా సర్వీసులో నాకు అంతకంటే మంచి మెడల్ రాలేదు.

ఈ వేసవిలో మా తమ్ముడి కొడుకు డాలస్ నుంచి వచ్చేశాడు, అల్లూరు దగ్గర రొయ్యల గుంటలు చూసుకుంటానని. నాకు చూపిద్దామని ఒక హోల్‌స్టర్ తెచ్చాడు. పనితనం బాగుంది, కాదనను. తోలు ఒరకూ బెల్టు క్లిప్పుకూ మధ్య సందు ఉంటుంది. ఆ సందులోకి చొక్కా దోపేస్తే పిస్టల్ మొత్తం చొక్కా లోపల, బయటికి బెల్టు మీద క్లిప్పు ఒక్కటే. "చూడు పెదనాయనా, ఎవురికీ కనపడదు" అన్నాడు. టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి, ఇరవై ఒకటి నిండి, చట్టం అడ్డులేని వాళ్లు పర్మిట్టు లేకుండానే పిస్టల్ పెట్టుకుని తిరగొచ్చు. అక్కడ చూసి చూసి వాడికి అలవాటైంది. పంట డబ్బు చేతిలో ఉంటుంది, నాకూ లైసెన్సు ఇప్పించమన్నాడు.

ఇక్కడ అది హక్కు కాదురా అని చెప్పాను. కలెక్టరు గారికి దరఖాస్తు పెట్టాలి, ప్రాణానికి ముప్పు ఉందని చూపించాలి, పోలీసు విచారణ జరగాలి, భద్రతా శిక్షణ సర్టిఫికెట్ కావాలి. 9 ఎంఎం మామూలు వాళ్లకు ఇవ్వరు, .32 బోర్ ఇస్తారు. కాన్పూరులో తయారయ్యే .32 రివాల్వర్ రౌండ్లు లేకుండానే 700 గ్రాముల దాకా ఉంటుంది. గుంటల్లో మోకాళ్ల దాకా దిగేవాడివి, వలలు లాగేవాడివి, ఉప్పునీళ్లలో తడిసేవాడివి, దాన్ని ఎక్కడ పెట్టుకుంటావు, స్నానానికి వెళ్తే ఎక్కడ దాస్తావు, ఐదేళ్ల నీ కూతురు బీరువా తాళం ఎక్కడుందో కనిపెట్టదా అని అడిగాను. డబ్బు సంగతంటావా, బ్యాంకులో వేయించుకో అన్నాను. వాడు మంచి పిల్లోడు. అప్పటి నుంచి మళ్లీ అడగలేదు.

రెండు జిల్లాల కలెక్టర్లకు, ఎస్పీలకు మీ పత్రిక ద్వారా నా మనవి ఇది. లైసెన్సు ఐదేళ్లకోసారి రెన్యువల్ అవుతుంది. ఆ రోజు కాగితాలతో పాటు మనిషిని, బెల్టును, హోల్‌స్టర్‌ను కూడా చూడండి. హోల్‌స్టర్ లేనివాడికి రెన్యువల్ ఆపండి. ఎన్నికలప్పుడు చాలామంది స్టేషన్‌లో ఆయుధాలు జమ చేసి రసీదులు తీసుకుంటారు, అయిపోయాక మళ్లీ వచ్చి తీసుకెళ్తారు. లైసెన్సుదారులు ఎక్కువమంది ఏ ఖర్చూ లేకుండా ఒక్కచోటికి వచ్చేది అప్పుడే. ఆయుధం చేతికిచ్చే ముందు ఒక పూట కూర్చోబెట్టి, ఒంటి మీద ఎట్టా పెట్టుకోవాలో, కుర్చీలో ఎట్టా కూర్చోవాలో, పెద్దల కాళ్లకు దండం పెట్టేటప్పుడు నడుం వంచకుండా మోకాళ్ల మీద ఎట్టా కూర్చోవాలో నేర్పండి. శిక్షణ అంటే టార్గెట్ కొట్టడం ఒక్కటే అనుకుంటున్నారు. గన్ను నడుముకుండే రోజులన్నీ టార్గెట్ లేని రోజులే కదా.

మనిషి చాలకపోతే నేను వస్తాను. జీతం వద్దు, బండి కూడా వద్దు, కావలి నుంచి ఒంగోలుకైనా నెల్లూరుకైనా ప్యాసింజరు బండి ఎక్కి వస్తాను. మా వాడు తెచ్చిన హోల్‌స్టర్ ఖాళీదే, నా బీరువాలో ఉంది. చూపించి చెప్పడానికి అది పనికొస్తుంది.

ఇట్లు,
విశ్రాంత ఏఆర్ ఎస్సై,
కావలి, నెల్లూరు జిల్లా