వాన్ ల్యూ నాటికకు తలా ఓ చెయ్యి వేసినవాళ్లందరికీ

అందరికీ నమస్కారం. శనివారం నాటిక అయిపోయినప్పటి నుంచి ఫోన్‌కి మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి. విడివిడిగా జవాబు ఇవ్వడం నా వల్ల కావడం లేదు, అందుకే ఈ పోస్టు. స్టేజీ మీద కనబడింది నేనొక్కదాన్నే. చప్పట్లు కూడా నేనొక్కదాన్నే ఉంచేసుకుంటే బాగోదు.

రాలేకపోయినవాళ్ల కోసం రెండు ముక్కలు. నాటిక ఎలిజబెత్ వాన్ ల్యూ గురించి. మనం ఉంటున్న ఈ రిచ్‌మండ్ మనిషే, 1818లో పుట్టింది. తండ్రి న్యూయార్క్ వైపు నుంచి వచ్చి ఇనప సామాను వ్యాపారంలో బాగా సంపాదించాడు. చర్చి హిల్ మీద, సెయింట్ జాన్స్ చర్చి ఎదురుగా పెద్ద భవంతి. బానిసత్వం పాపమని నమ్మిన మనిషి బానిసలున్న ఇంట్లోనే పెరిగింది. ఆ సంగతి దాచేసి ఆవిడని దేవతను చేయడం నాకు ఇష్టం లేదు, నాటికలోనూ దాచలేదు. 1861లో వర్జీనియా అమెరికా నుంచి విడిపోయి, రిచ్‌మండ్ కాన్ఫెడరేట్ల (బానిసత్వం నిలుపుకోవాలని విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల) రాజధాని అయ్యేనాటికి ఆవిడకి నలభై దాటాయి. పెళ్లి చేసుకోలేదు. అంతర్యుద్ధం సాగినన్నాళ్లూ సొంత ఊళ్లోనే ఉండి, ఆ రాజధాని పడిపోవడానికి యూనియన్ (ఉత్తరాది) సైన్యం తరఫున గూఢచారిగా పనిచేసింది.

మొదటి కృతజ్ఞత లైబ్రరీలో పనిచేసే మన తెలుగు అక్కకి. వాన్ ల్యూ అని వెతికితే ముందు తగిలేది ‘పిచ్చి బెట్’ కథ. జుట్టు విరబోసుకుని, తనలో తానే గొణుక్కుంటూ వీధుల్లో తిరిగి అందరినీ నమ్మించిందని. స్టేజీకి ఇంతకన్నా ఏం కావాలి? కానీ అక్క నా ముందు పుస్తకాలు పేర్చి, యుద్ధం నాటి కాగితాల్లో దీనికి ఆధారం ఎక్కడుందో చూపించమంది. లేదు. అది తర్వాత పుట్టిన కథ అని ఇప్పటి చరిత్రకారులు అంటున్నారు. నిజానికి ఆవిడని కాపాడింది పిచ్చి వేషం కాదు, మర్యాదస్తురాలన్న పేరు. పెద్దింటి ఆడపడుచు ఇక్కడి జైళ్లలో జబ్బుపడ్డ యూనియన్ ఖైదీలకి భోజనం, పుస్తకాలు పట్టుకెళ్తుంటే సైనికాధికారులు విసుక్కున్నారు, పత్రికలు దుమ్మెత్తి పోశాయి. గూఢచారి అని మాత్రం ఎవరూ తేల్చలేకపోయారు. ఆ పుస్తకాల్లో అక్షరాల కింద గుండుసూదితో గుచ్చిన చుక్కల్లో కబుర్లు వచ్చేవని చెబుతారు.

1864లో సొంత తమ్ముడి భార్యే ఆవిడ మీద సాక్ష్యం చెప్పడానికి సిద్ధపడింది. విచారణ జరిగింది. ఈవిడకి ప్రభుత్వం అంటే గిట్టదు, చాలామంది ఆడవాళ్లలాగే నోటికొచ్చింది మాట్లాడింది, అంతకుమించి ఏమీ చేసినట్టు లేదు అన్న ధోరణిలో అధికారులు ఫైలు మూసేశారు. హాల్లో ఎక్కువ నవ్వులు పడింది అక్కడే, ముఖ్యంగా వెనక వరసలో కూర్చున్న ఆడవాళ్ల దగ్గర్నుంచి. అప్పటికి ఆ ‘నోటికొచ్చింది మాట్లాడే’ మనిషి దగ్గర యూనియన్ జనరల్ బట్లర్ పంపిన సంకేత లిపి ఉంది. ఆరు నిలువు గళ్లు, ఆరు అడ్డ గళ్లు, ఒక్కో అక్షరానికి రెండంకెలు. ఆ కాగితం మడిచి గడియారం వెనక పెట్టుకుంది. చచ్చిపోయేవరకూ అక్కడే ఉంది.

ఇక మా పక్కింటి పెద్దాయన. హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైర్ అయ్యారు. తెలుగు ఒక్క ముక్క రాదు, అయినా ప్రతి రిహార్సల్‌కీ వచ్చి కూర్చున్నారు. కారులో తిప్పి ఆయన చూపించిన చోట్లలో ఒకటి మనలో సగం మంది రోజూ ఆఫీసుకి వెళ్లే దారే. హంగరీ రోడ్డు. అప్పట్లో అక్కడ హంగరీ స్టేషన్ ఉండేది.

1864 మార్చిలో యూనియన్ వైపు కర్నల్ ఉల్రిక్ డాల్‌గ్రెన్ రిచ్‌మండ్ మీద దాడికొచ్చి చనిపోయాడు. ఇరవై ఒక్కేళ్లవాడు, అప్పటికే ఒక కాలు పోయి చెక్క కాలు. కాన్ఫెడరేట్ అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్‌ని చంపి ఊరు తగలబెట్టాలన్న ఆదేశాలు అతని జేబులో దొరికాయని ఊరంతా రగిలిపోయింది. ఆ కాగితాలు అసలువా, నకిలీవా అన్న గొడవ నూరేళ్లు దాటినా నడుస్తూనే ఉంది. ఉంగరం కోసం వేలు కోశారు, చెక్క కాలు ఊరేగించారు, శవాన్ని ఎవరికీ తెలియని చోట పూడ్చేశారు. ఆ రాత్రి పూడ్చడం చూసిన ఒక నల్లజాతి మనిషి చోటు చెప్పాడు. వాన్ ల్యూ మనుషులు తవ్వి తీసి, శవపేటికని బండిలో పెట్టి, పైన పీచ్ మొక్కలు పేర్చారు. బండి తోలిన రౌలీ అనే రైతు కాపలా దగ్గర బెదరకుండా కూర్చున్నాడు. ఇంత చక్కగా సర్దిన మొక్కల్ని పీకి చూడటం ఎందుకులే అని కాపలావాడు వదిలేశాడు. హంగరీ స్టేషన్ దగ్గరి పొలంలో మళ్లీ పూడ్చి, పైన పీచ్ మొక్క నాటారు. అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. కొడుకు శవమైనా ఇవ్వండని తండ్రి అడ్మిరల్ డాల్‌గ్రెన్ అడిగితే, డేవిస్ సరేనన్నాడు. తీరా తవ్వితే గుంట ఖాళీ!

ఈ ఘట్టం రాసుకున్నప్పుడు నాకు మొక్కలు కావాల్సి వచ్చాయి. గ్రూపులో అడిగిన సాయంత్రమే మూడు నాలుగు ఇళ్ల నుంచి పీచ్ మొక్కల కుండీలు వచ్చేశాయి. ఆ ఇళ్లవాళ్లందరికీ దండాలు.

అన్నిటికన్నా పెద్ద మార్పు మా ఆఫీసులో పనిచేసే స్నేహితురాలి వల్ల వచ్చింది. ఆమె ఆఫ్రికన్ అమెరికన్. కథ ఇంగ్లిష్‌లో చెబుతుంటే మధ్యలో ఆపి, “మేరీ ట్రే పట్టుకుని రావడం తప్ప ఇంకేం చేయదా?” అని అడిగింది. మేరీ రిచర్డ్స్ అంటే చాలామందికి మేరీ బౌజర్‌గా తెలిసినావిడ. డేవిస్ ఇంట్లో పనిమనిషిగా చేరి కాగితాలు చదివేసిందని అందరూ చెప్పే కథ ఆమెదే. అందులో ఎంతవరకు రుజువైందో తేల్చడం కష్టం. రుజువైన బతుకే బోలెడంత ఉంది. వాన్ ల్యూ కుటుంబానికి బానిసగా ఉండేది. 1846లో తెల్లవాళ్ల సెయింట్ జాన్స్ చర్చిలో బాప్తిస్మం. ఉత్తరాదిలో చదువు, తర్వాత ఆఫ్రికాలో లైబీరియా. తిరిగొచ్చాక 1860లో రిచ్‌మండ్‌లో అరెస్టు. యుద్ధం అయ్యాక జార్జియాలో, బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ల పిల్లలకి పాఠాలు చెప్పింది. ఇంటర్నెట్‌లో ఆమెదని తిరిగే ఫొటో వేరే ఆవిడదని ఎప్పుడో తేలిపోయింది, అందుకే మా పోస్టర్ మీద వెయ్యలేదు. స్నేహితురాలి మాట విన్నాక, శాలువా మార్చుకుని నేనే మేరీగా మాట్లాడే భాగం రాశాను. ఇవాళ వస్తున్న మెసేజ్‌లు సగం దాని గురించే.

వాన్ ల్యూ కబుర్లు ఆవిడ ఇంటి నుంచి యూనియన్ సైన్యం దాకా చేతులు మారుతూ వెళ్లేవి. మోసినవాళ్లలో పనివాళ్లు, రైతులు, దుకాణదారులు ఉన్నారు. మోసినందుకు ఉరి పడేది. యుద్ధం ముగిశాక ఆవిడ సైనిక శాఖ దగ్గరున్న తన ఉత్తరాలన్నీ వెనక్కి అడిగి తెచ్చుకుని నాశనం చేసింది. ఆ పేర్లు బయటపడితే ఈ ఊళ్లో వాళ్లని బతకనివ్వరని భయం అయ్యుంటుంది. దాంతో ఎంతోమంది పేర్లు పోయాయి. నాకు ఆ ఇబ్బంది లేదు, మీరు పేర్లు వద్దన్నారు కాబట్టే రాయడం లేదు.

ఆవిడకి తర్వాత ఏమైందని చాలామంది అడిగారు. 1869లో యూనియన్ సేనాని గ్రాంట్ అమెరికా అధ్యక్షుడు కాగానే ఆవిడని రిచ్‌మండ్ పోస్ట్‌మాస్టర్‌ని చేశాడు. ఎనిమిదేళ్లు చేసింది, నల్లవాళ్లకి ఉద్యోగాలిచ్చింది. ఊరు ఆవిడని వెలివేసినట్టే చూసింది. ఓటు హక్కు లేని నేను పన్ను ఎందుకు కట్టాలని ఏటా నిరసన కాగితం రాసి మరీ కట్టేది. ముసలితనంలో డబ్బుల్లేకపోతే, జైల్లో ఆవిడ సాయం పొందిన కర్నల్ పాల్ రివీర్ బంధువులు, బోస్టన్ స్నేహితులు ఆదుకున్నారు. 1900లో పోయింది. షాకో హిల్ శ్మశానంలో ఆవిడ సమాధి రాయి కూడా బోస్టన్ నుంచి వచ్చిందే. ఇంటిని 1911లో కూల్చేశారు. ఇప్పుడక్కడ బడి ఉంది.

డైలాగులు దిద్దిన నాన్నగారికి ఏం చెప్పను? తెనాలిలో రాత్రి పదకొండింటికి ఫోన్ పట్టుకుని, “అమ్మా, ఇది ఉపన్యాసంలా ఉంది, మనిషి మాట్లాడినట్టు లేదు” అంటూ పేజీలకి పేజీలు కొట్టేయించారు. గౌను కుట్టిపెట్టిన పిన్నిగారికి, మైకు రెండుసార్లు మొరాయించినా టెన్షన్ పడకుండా చూసుకున్న తమ్ముడికి, లిబ్బీ జైలు (పట్టుబడ్డ యూనియన్ అధికారుల్ని పెట్టిన రిచ్‌మండ్ జైలు) ఖైదీల గొంతులు ఇచ్చిన పిల్లలకి, నెలల తరబడి వంటింటి బాధ్యత మోసిన మా ఆయనకి చాలా చాలా థాంక్స్.

వీడియో వచ్చే వారం పెడతాం. పీచ్ మొక్కల కుండీలు ఇంకా మా గరాజ్‌లోనే ఉన్నాయి, ఎవరివి వాళ్లు ఈ ఆదివారంలోగా వచ్చి తీసుకెళ్లండి. నీలం కుండీ ఎవరిదో కాస్త చెప్పండి, ముగ్గురు మాదంటే మాదంటున్నారు.